తొమ్మిది వేళ్ళతో సముద్రంలోకి

నా ఎడమ కాలికి నాలుగే వేళ్ళు. చిటికెన వేలు పోయి యాభై ఏళ్ళయింది. ఆ వేలిని సొరచేప కొరికేసిందని మా మనవరాలు నటాలీకి దాని నాలుగో ఏట చెప్పాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆ సొర బస్సంత పొడుగుందనీ, నా వేలు చప్పగా ఉందని మర్నాడు ఉప్పు అడగడానికి మళ్ళీ ఒడ్డుకి వచ్చిందనీ, కొబ్బరిమట్టతో దాని ముక్కు మీద ఒక్కటిచ్చి పంపాననీ కూడా చెప్పాను. నాలుగేళ్ళ పిల్ల చేతిలో ఐస్‌క్రీం కారిపోతున్నా చూసుకోకుండా నోరు తెరుచుకుని వింటూంటే, కథని మధ్యలో ఆపగలిగినవాడు మనిషి కాదు, ఆఫీసరు.

ఫలితం ఏమయిందంటే, పదేళ్ళు వచ్చినా ఆ పిల్ల నీళ్ళలో కాలు పెట్టదు. మా మలాయ్ దేశపు రేవు పట్నం క్లాంగ్‌లో దాని బడిపిల్లలంతా ఈత క్లాసులో కప్పల్లా గెంతుతుంటే, ఇది గట్టు మీద బెంచీ ఎక్కి వాళ్ళ తువ్వాళ్ళకి కాపలా కాస్తుంది. తువ్వాళ్ళ టీచరని పేరు కూడా పెట్టారట. సొర స్కూలు ఈతకొలనులోకి ఎలా వస్తుందే అని తల్లి అడిగితే, బస్సంత సొర ఉప్పు కోసం ఒడ్డుకి రాగలిగినప్పుడు పైపులోంచి రాలేదా అందట. తెలివి ఎవరి పోలికో నేను చెప్పకూడదు.

ఈ పాపం ఆరేళ్ళు ఓపిక పట్టి, చివరికి ఓడెక్కి మరీ నా దగ్గరికి వచ్చింది.

అల్లుడు గావిన్ మా అందరికీ క్లాంగ్ రేవు నుంచి లంకావి దీవికి మూడు రోజుల ఓడ ప్రయాణం ఏర్పాటు చేశాడు. తీరా బయల్దేరే వేళకి అతనికి సెలవు దొరకలేదు. కాబట్టి ఓడెక్కినవాళ్ళం నేను, మా ఆవిడ విజయలెచ్చుమి, మా వియ్యంకుడు జార్జ్, వియ్యపురాలు డోరతీ, మా అమ్మాయి మలర్, నటాలీ. తెలుగింటి పిల్లకి మలర్ అన్న పేరేమిటని మీరడుగుతారు. నేను పనిచేసిన కొబ్బరి ఎస్టేటు గుమస్తా అరవాయన. నేను ఒక పేరు చెప్పాను, ఆయన తనకి నచ్చింది రాసుకున్నాడు. పిల్ల మాత్రం మాదే.

హనుమంతుడు లంకకి ఆకలితో ఎగిరి వెళ్ళాడు. మేము రోజుకి ఐదుసార్లు తింటూ వెళ్ళాం. రెండో రోజు పొద్దున ఓడ లంకావి దగ్గర ఆగింది. అక్కడి నుంచి చిన్న పడవలో ఒక రాతి దీవికి తీసుకెళ్ళి, ముఖానికి అద్దం కట్టి, నోట్లో గొట్టం పెట్టి, నీళ్ళలో తలకిందులుగా చేపల్ని చూపిస్తారట. వియ్యపురాళ్ళిద్దరూ రామన్నారు. ఓడలో తంబోలా ఆట ఉంది, అందులో డోరతీ ముందురోజు ఒక హ్యాండ్‌బ్యాగు గెలిచింది. ఇక మా ఆవిడ ఊరుకుంటుందా.

ఇడ్లీల దగ్గర నిలబడి ఉంటే మలర్ వచ్చి నా ప్లేటు లాక్కుంది.

"నాన్నా, ఈయేళ నటాలీ నీళ్ళల్లో దిగాల."

"దిగమను. నాను వద్దన్నానేటి?"

"నువ్వు ఆరేళ్ళ కిందటే వద్దన్నావు. బస్సంత సొరని దాని బుర్రలో పెట్టినావు. పెట్టినోడివి నువ్వే తియ్యి. ఈయేళ అది దిగకపోతే, ఇంక దానికి నువ్వు కథలు సెప్పడం బంద్. ఫోన్లో కూడా నేదు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా. వాన పడిందని సెప్పినా నాను పక్కన కూకుని వింటాను."

నవ్వుతూ చెప్పిన మాట కాదు. మా అమ్మాయి బ్యాంకులో పనిచేస్తుంది. వద్దన్నది వద్దే. నాకు డెబ్బై మూడేళ్ళు. మా ఊరు బాగన్ దాతుక్‌లో నా కథలు విన్నవాళ్ళలో సగం మంది పోయారు, మిగతా సగానికి చెవుడు. ఆదివారం సాయంత్రం ఫోనులో 'ఊఁ, తర్వాత?' అనే గొంతు ఒక్కటే మిగిలింది. అది కూడా పోతే ఇక నేను వాతావరణం గురించి మాట్లాడుకుంటూ బతకాలి.

పడవలో నటాలీ పక్కన కూర్చున్నాను. అది లైఫ్ జాకెట్టు వేసుకుని, దాని మీద ఇంకోటి వేసుకుని, కాళ్ళు పైకి ముడుచుకుని ఉంది. సరే, నిజం చెప్పేద్దాం అనుకున్నాను. అంత కష్టం ఎప్పుడూ పడలేదు.

"అమ్మీ, ఓ నిజం సెప్తాను ఇను. నా ఏలు సొర తిన్నేదు. కాలవలో కత్తికి తెగినాది."

"అమ్మ సెప్పమన్నాదా?"

"కాదే. నిజమే."

"కత్తి ఎవరిది?"

"ఎవుడిదో. తెలీదు."

"రక్తం ఎంత వచ్చినాది?"

"కొంచెమే. గుడ్డ కట్టినారు. నాలుగు రోజులకి పనికెళ్ళినాను."

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. "టిపు లా, తాతా," అంది. టిపు అంటే మోసం. "నిజమైతే ఇంత బోరుగా ఉండదు."

ఎదురు బల్ల మీద జార్జ్ కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. ఈయన సుంగై సిపుట్ రబ్బరు తోటల మనిషి. గుండు మీద టోపీ, మెడలో సిలువ, నోట్లో నా మీద ఎప్పుడూ ఒక మాట.

"డెబ్బై మూడేళ్ళకి మొదటిసారి నిజం సెప్పినారు బావగారు. అలవాటు నేక తడబడినారు."

"నువ్వు నోర్ముయ్యి బావా. నీ నీళ్ళ ధైర్యం ఎంతో నానూ సూస్తాను."

"మా యేసు ప్రభువు నీళ్ళ మీద నడిచినాడు. నాను అంతవోణ్ణి కాను. రాయి మీద కూకుంటాను."

నిజానికి ఆ కత్తి మాట నిజమే. మా బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో కాయల్ని బండ్ల మీద వేసుకుని తిరిగేవాళ్ళం కాదు. తోట పొడుగునా కాలవలుండేవి. దింపిన కాయలన్నీ కాలవలో పడేసి, చుట్టూ తాడు వేసి, గొడ్ల మందని తోలినట్టు వెనక నుంచి నెట్టుకుంటూ కొట్టు దాకా తీసుకెళ్ళేవాళ్ళం. గుండెల్లోతు నీళ్ళు, కింద బురద. ముప్పై ఏళ్ళు ఆ నీళ్ళలో నడిచాను. నడిచానంటున్నాను, ఈదానని అనలేదు. మా కాలవ మనుషులెవరికీ ఈత రాదు. నేల కాలికి తగులుతుండగా ఈదడం ఎందుకని మా నమ్మకం.

దీవి దగ్గర ఇసుక లేదు. అన్నీ రాళ్ళు. నీళ్ళలోకి జారిన ఒక పెద్ద బల్లపరుపు రాయి, దానికి చెక్కిన నాలుగు మెట్లు. మెట్ల కింద నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, నేను చిన్నప్పుడు పోగొట్టుకున్న గోలీకాయ కూడా అక్కడ కనబడిందని చెప్పగలను, కానీ చెప్పను. మమ్మల్ని అప్పజెప్పిన గైడు పేరు మోగన. నలభై ఐదేళ్ళుంటాయి. పోలీసుకి ఉండాల్సినంత గొంతు, పహిల్వానుకి ఉండాల్సినంత భుజాలు. అరవంలోనే మాట్లాడింది. మాకు అరవం పెద్దమ్మ కూతురులాంటిది, ఎదురు చెప్పం.

నా ముఖానికి అద్దం కట్టి చూసి, "తాతా, ఈ మీసం ఉంటే నీళ్ళు లోపలికొస్తాయి," అంది.

"మీసం నలభై ఏళ్ళదమ్మా. అద్దం నిన్నటిది. అద్దాన్నే సర్దుకోమను."

ఆవిడ నా మీసానికి వాజలీను పట్టించింది. తర్వాత నోరు తెరవమంది. పైవరస కట్టుడు పళ్ళు చూసి చెయ్యి చాపింది. గొట్టం కొరుక్కుంటే పళ్ళు ఊడి సముద్రంలో పడతాయట, చేపలు పెట్టుకోవట. పళ్ళు తీసి జార్జ్ చేతిలో పెట్టాను. ఆయన వాటిని రుమాల్లో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద సిలువ గుర్తు వేశాడు.

ఇక కాళ్ళకి రబ్బరు రెక్కలు. కుడిది పట్టింది. ఎడమది నాలుగు వేళ్ళ కాలికి నిలవక జారిపోయింది. ఒక్కటే వేసుకుంటే నీళ్ళలో గిరగిరా తిరుగుతారంది మోగన. రెండూ తీసేశాను. రబ్బరు చెప్పులిస్తానంది. ముప్పై ఏళ్ళు వట్టి కాళ్ళతో బురద తొక్కినవాణ్ణి, చెప్పులేమిటన్నాను.

"సరే. కానీ ఎక్కడా కాలు కింద పెట్టకూడదు. పగడాలుంటాయి, ఇంకా చాలా ఉంటాయి. జాకెట్టు ఉంది కాబట్టి మునగరు. తేలండి అంతే."

అలాగేనని తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు.

నటాలీ మెట్ల దగ్గరికి కూడా రాలేదు. రాయి మీద బోర్లా పడుకుంది. కాళ్ళు రెండూ భూమి మీద భద్రంగా ఉంచి, అద్దం కట్టుకున్న ముఖం ఒక్కటే అంచు నుంచి నీళ్ళలో ముంచింది. తాతని ఏది తింటుందో ముందుగా చూసుకుందామని దాని ఏర్పాటు. మలర్ దాని జాకెట్టు వెనక పట్టుకుని, నా వైపు బ్యాంకు చూపు ఒకటి చూసింది.

దిగాను. నీళ్ళు నడుము దాకా, తర్వాత ఛాతీ దాకా వచ్చాయి. జాకెట్టు నన్ను పైకి లేపబోయింది. బుర్రేమో తేలమంటోంది. కాళ్ళేమో ముప్పై ఏళ్ళ ఉద్యోగం చేసినవి, ఛాతీలోతు నీళ్ళు తగలగానే ఎవరి మాటా వినకుండా నేల వెతుక్కున్నాయి. కుడికాలు నున్నటి రాతి మీద ఆనింది. ఎడమకాలు, కాలవలో వేసినట్టే, కొంచెం ముందుకి జరిపి గట్టిగా దింపాను.

మలాయ్ వాళ్ళు దాన్ని లాండాక్ లావుట్ అంటారు. సముద్రపు ముళ్ళపంది. నల్లగా, గుండ్రంగా, ఒళ్ళంతా జానెడేసి సూదులతో రాళ్ళ మధ్య కూర్చుని ఉంటుంది. తన పనేదో తను చూసుకుంటూ, ఎవరి జోలికీ పోదు. నేనే దాని నెత్తి మీద నిలబడ్డాను.

నొప్పి అరికాల్లో బయల్దేరింది. మోకాలి దగ్గర ఆగలేదు, నడుము దగ్గర ఎవరినీ ఎక్కించుకోలేదు, ఎక్స్‌ప్రెస్ బస్సులా నేరుగా నడినెత్తికి వచ్చి ఆగింది. నా గొంతులో ఒక కేక తయారైంది. మామూలు కేక కాదు. మా తాత సింహాచలం దగ్గర పల్లె నుంచి ఓడెక్కినప్పుడు దాచుకున్నది, మా నాన్న వాడుకోకుండా నాకు వదిలినది, అంత పాత కేక. అది నాలుక దాకా వచ్చింది.

సరిగ్గా అప్పుడే నటాలీ నీళ్ళలోంచి తలెత్తి నన్ను చూసింది.

ఆ క్షణంలో నాకు అర్థమైపోయింది. ఇప్పుడు నేను అరిస్తే ఆ పిల్ల జీవితంలో నీళ్ళలోకి దిగదు. స్నానం కూడా అనుమానమే. ఇక నాకు ఆదివారం సాయంత్రాలు ఉండవు. కేకని మింగాను. కట్టుడు పళ్ళు లేవు కాబట్టి సులువుగానే దిగింది. గొట్టం తీసి, బోసినోటితో ఒక నవ్వు నవ్వాను.

"ఎలాగుంది తాతా?" అంది.

"బెమ్మాండం. గోరెచ్చగా, అమ్మ కడుపులో ఉన్నట్టుంది."

"మొహం ఏటి అలా పెట్టినావు?"

"అద్దం బిగుతు."

"కళ్ళంట నీళ్ళు కారతన్నాయి."

"మీసం వల్ల అద్దంలోకి నీళ్ళొచ్చినాయే. ఆ గైడమ్మ ముందే సెప్పింది."

పిల్ల మళ్ళీ ముఖం నీళ్ళలో పెట్టింది. చాలాసేపు పెట్టింది. నేను ఎడమకాలు మెల్లగా ఎత్తి, కొంగలాగా కుడికాలి మీద నిలబడ్డాను. చరిత్రలో నేను చాలా అబద్ధాలు చెప్పాను. అవన్నీ కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూ చెప్పినవి. అరికాల్లో పదిహేడు సూదులు పెట్టుకుని చెప్పింది ఇదొక్కటే.

నటాలీ లేచింది. ముక్కు తుడుచుకుంది. పైన తొడుక్కున్న రెండో జాకెట్టు విప్పి తల్లికిచ్చింది.

"తాతా, నువ్వు అక్కడే ఉండు. కదలకు. నాను నిన్ను పట్టుకుంటాను."

"కదల్ను. నాను ఎటు కదుల్తాను."

అది నిజం.

మెట్టు మెట్టుకి నా ముఖం చూసుకుంటూ దిగింది. నీళ్ళు మెడ దాకా రాగానే నా మీదకి ఉరికి, రెండు చేతులతో నా మెడ పట్టుకుంది. మోగన వచ్చి దాన్ని బోర్లా పడుకోబెట్టి, కాళ్ళు ఎలా ఆడించాలో చూపించింది. నన్ను చూసి, "తాతా, నిలబడొద్దన్నానా!" అని ఉరిమింది.

"నిలబడలేదమ్మా, కుంటుతున్నా," అన్నాను గొట్టంలోంచి. ఎవరికీ అర్థం కాలేదు.

మొదట నా మెడ, తర్వాత భుజం, తర్వాత వేలు ఒక్కటి పట్టుకుని నా చుట్టూ గానుగెద్దులా తిరిగింది. తర్వాత వేలు కూడా వదిలేసి మోగన వెంట వెళ్ళిపోయింది. రెండేసి నిమిషాలకి తల ఎత్తి నేనున్నానా లేదా అని చూసుకునేది. ఉండేవాణ్ణి. చెయ్యి ఊపేవాణ్ణి. పసుపు చారల చేపలు నా కుడి మోకాలి చుట్టూ చేరి వింతగా చూస్తున్నాయి. ఆకుపచ్చ చేప ఒకటి పగడాన్ని కరకరలాడిస్తూ కొరుకుతోంది, మా ఆవిడ మురుకులు తిన్నట్టు. అందమంటే అందమే. కానీ కాలు మండుతున్నవాడికి స్వర్గం చూపించినా తలుపెక్కడని అడుగుతాడు.

ఒడ్డున జార్జ్ బిస్కెట్లు తింటూ, "బావగారూ, కొంగ జపం బాగా కుదిరింది," అని కేకేశాడు. సమాధానం చెప్పడానికి నా పళ్ళు ఆయన జేబులో ఉన్నాయి.

ముప్పావు గంట తర్వాత పిల్ల తిరిగి వచ్చింది. గొట్టం తీసేసి, ఊపిరి అందక, "తాతా, సొర," అంది. నా కుడికాలు కూడా పట్టు తప్పబోయింది. "నిజం సొర. నా సెయ్యంత ఉంది. నన్ను సూసి బయపడి పారిపోయినాది. సిన్న పిల్ల, పాపం."

"బస్సంత నేదా?"

"బస్సు అంతది నేదు. నాను వెతికినాను."

దాన్ని ముందు ఎక్కించి, నేను మెట్ల మీద చేతులతో పాక్కుంటూ పైకొచ్చాను. రాయి మీద కూర్చోగానే కాలు ఒంటి కింద దాచుకోబోయాను. మలర్ చూసేసింది. లాగి చూస్తే అరికాలు నిండా నల్లటి చుక్కలు, వేళ్ళ సందుల్లో విరిగిన ముళ్ళు.

"ఓలమ్మా, ఇదేటి నాన్నా?"

"ఏటీ నేదు. రాతి మీద నాచు."

జార్జ్ వచ్చి వంగి చూశాడు. ముఖం ఒక్కసారిగా గంభీరమైంది. ఈ మనిషి నా కోసం బాధపడటం మొదటిసారి చూశాను. టోపీ తీసి పక్కన పెట్టి, "బావగారూ, దీనికి మా ఎస్టేట్లో ఒకటే మందు. అందరూ అటు తిరగండి," అని ప్యాంటు జిప్పు మీద చెయ్యి వేశాడు.

"బావా, నీకు పున్నెముంటాది, ఆగు."

"సిగ్గు పడకండి. ఎచ్చగా ఉన్నప్పుడే పని సేస్తాది. వియ్యంకుడికి ఈమాత్రం సెయ్యనేనా?"

మోగన నీళ్ళలోంచి నడుచుకుంటూ వచ్చి, "ఐయా, జిప్పు మూసుకోండి. వెనిగర్ ఉంది," అంది. జార్జ్ చిన్నబుచ్చుకున్నాడు. సాయం చేసే అవకాశం జీవితంలో ఎన్నిసార్లు వస్తుంది, అదీ ఖర్చు లేకుండా.

ఇదంతా జరుగుతుంటే నటాలీ నా కాలి దగ్గర గొంతుక్కూర్చుంది. నేను ఆ పిల్లకి ఏం చెప్పాలా అని వెతుక్కుంటున్నాను. బతుకంతా సముద్రం మీద కథలల్లాను. ఇన్నాళ్ళకి సముద్రం నన్ను నిజంగా కరిస్తే, దాన్ని చిన్నది చేసి చెప్పాల్సి వచ్చింది.

"కొబ్బరి పీచు గుచ్చుకున్నాది అమ్మీ. ఓడలోంచి ఎవుడో పారేసినాడు."

"లాండాక్ లావుట్ తాతా," అంది. "నాను సూసినాను."

"ఎప్పుడు?"

"నువ్వు తొక్కినప్పుడే. నా మొహం నీళ్ళల్లోనే కదా ఉంది. నీ కాలు దాని మీద పెట్టినావు, ముళ్ళు ఇరిగినాయి. బేగి తలెత్తి నీ మొహం సూసినాను. నువ్వు అరిస్తే నాను దిగకూడదు అనుకున్నాను. నువ్వు అరవనేదు." నా అరికాలి మీది చుక్కలు చూసింది. "గోరెచ్చగా ఉంది అన్నావు."

మలర్ నా వైపు చూసింది. బ్యాంకు చూపు కాదు.

"మరి ముళ్ళున్నాయని తెలిసి ఎలా దిగినావే?" అన్నాను.

"అది ఎక్కడుందో తెలిసిపోయినాది కదా. దాని మీద నువ్వు ఉన్నావు."

ముళ్ళున్న కాలిని ఇక దాచుకోకుండా దాని ముందు చాచాను.

"కథలు సెప్పుకో నాన్నా," అంది మలర్, నా భుజం మీద తువ్వాలు వేస్తూ. "సొర మాత్రం వద్దు."

"సొర నాది," అంది నటాలీ.

మోగన నా మడమ తన ఒళ్ళో పెట్టుకుని, వెనిగర్ సీసా మూత తీసింది. ఇంకో చేతిలో చిన్న పట్టుకారు. పదిహేడూ తీస్తానంది, ఒక్కొక్కటిగా. నేను రాయి అంచు గట్టిగా పట్టుకుని, కింద మిగిలిన నాలుగు సొంత పళ్ళతో తువ్వాలు కొరుక్కుని, పిల్ల చూస్తోందని ముఖం మీద మళ్ళీ నవ్వు తెచ్చిపెట్టుకున్నాను.

నటాలీ నా నోట్లోంచి తువ్వాలు లాగేసింది.

"తాతా, ఇప్పుడు అరవొచ్చు. నాను బయటికి వచ్చినాను కదా."

అరిచాను. దీవిలో కోతులన్నీ రాళ్ళ మీద నుంచి చెట్లెక్కేశాయి. జార్జ్ చేతిలో బిస్కెట్టు రెండు ముక్కలైంది. గంట ప్రయాణం దూరంలో లంగరేసిన మా ఓడ, ఇంకేదో పెద్ద ఓడ పలకరిస్తోందనుకుని, మర్యాదకి హారన్ కొట్టింది. నమ్మకపోతే నటాలీని అడగండి. తనైతే రెండుసార్లు కొట్టిందంటుంది.